ఏడో గుంట

నాలుగు క్లబ్బుల మినిట్స్ పుస్తకాలు
అరటిపండ్ల అట్టపెట్టెలో పెట్టి తెచ్చిచ్చాడు సెక్రటరీ.
"నూట ముప్ఫయ్యేళ్ళ పండక్కి మన చరిత్ర రాసిపెట్టు, మావిస్.
రెండు పేజీలు చాలు."
పెట్టె ఒంపితే ముందు ఇసుక రాలింది.

మొదట కుందేళ్ళు.
ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు, నేను రాస్తున్నాను.
సాల్ట్‌మీల్స్ దిబ్బల మధ్య గడ్డిని
గోటితో గిల్లినంత పొట్టిగా కొరికి
పచ్చిక పరిచింది అవే.
తర్వాత రైలొచ్చింది. రైల్లో లివర్‌పూల్ పత్తి దళారులు,
పొడుగు సంచులు, చుట్టల కంపు.
కుందేళ్ళు పట్టుకు బతికే హాల్సాల్ ముసలాయన చేతిలో
పది షిల్లింగులు పెట్టి
అతని గుడిసెనే క్లబ్‌హౌస్ చేసుకున్నారు.
"కౌలు వ్యవహారం పరిష్కారమైనది."
అంతే. చేతిరాత మాత్రం ముత్యాల కోవ.

రెండో క్లబ్బు తగాదాలోంచి పుట్టింది,
ఆదివారం ఆడొచ్చా, కూడదా అని.
ఆడదామన్నవాళ్ళు పట్టాల అవతలికి పోయి
సొంతంగా తొమ్మిది గుంటలు తవ్వుకున్నారు.
ముప్ఫయ్యేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
బంతులకి ఆ పట్టింపు లేదు,
గాలి ఎటుంటే అటు పట్టాలు దాటేవి.

మూడోది ఆడవాళ్ళది, మైదానం చివర, ముక్క చెక్క.
భుజానికి పైన కర్ర ఎత్తరాదని నియమం.
మిస్ విన్నిఫ్రెడ్ ట్యాటర్సాల్ ఎత్తింది.
బంతి వెళ్ళి పాదిరిగారి దోసపాదుల గాజింట్లో పడింది.
జరిమానా రెండు షిల్లింగులు, అద్దం ఖర్చు వేరే.
అదే పేజీలో, అదే సాయంత్రం,
అదే నేరానికి ఇంకో ఏడుగురి పేర్లు.
ఇక్కడ చదవడం ఆపి టీ పెట్టుకున్నాను.

నాలుగోది పనివాళ్ళ క్లబ్బు. మా తాత వాళ్ళది.
పొద్దున ఎనిమిది లోపు ఆడుకుని పోవాలి,
బదులుగా దొరలు పెళ్ళగించిన మట్టి పూడ్చాలి,
ఇసుక గోతులు దువ్వాలి,
పెద్ద గేటు దిక్కు రాకూడదు.
జేబెజ్ రిమ్మర్, ఆటు వేళ గుర్రబ్బండి కట్టుకుని
సముద్రంలో రొయ్యలు దేవే మనిషి.
సముద్రం సెలవిచ్చిన తెల్లవారుజామున
మూడే మూడు కర్రలతో ఆడేవాడు.
ఒకరోజు డెబ్భై ఒకటి కొట్టాడట.
ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.
రొయ్యలవాడి లెక్క కాకిలెక్క అని నవ్వేది నానమ్మ.

యుద్ధం పుస్తకం సన్నంగా ఉంది.
పద్నాలుగో గుంట నుంచి పదహారు దాకా బంగాళాదుంపలు.
శత్రువు విమానం దిగకుండా దారిపొడుగునా గుంజలు.
పట్టాలకి ఇవతలివాళ్ళూ అవతలివాళ్ళూ
ఒకే పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నారు, బొగ్గు లేక.
అప్పులు తీరక తర్వాత నలుగురూ ఒకటయ్యారు.
మినిట్స్‌లో దాన్ని "సౌహార్దం" అన్నారు.

పెట్టె అడుగున ఒక కార్డు.
మే నెల, పందొమ్మిది వందల ఇరవై ఏడు.
ఉప్పునీటి మరక. పెన్సిలు అంకెలు.
కలిపాను. మళ్ళీ కలిపాను. డెబ్భై ఒకటి.
మీద ఎర్రసిరాతో కమిటీ: "ఆ వేళ ఆట లెక్కకు రాదు."
సాక్షి సంతకం: వి. ట్యాటర్సాల్.
ఆ చీకట్లో ఆవిడకి అక్కడేం పని?
కర్ర భుజానికి పైకెత్తడానికి, ఇంకెందుకు.

ఆ రికార్డు ఇక ఎవరూ కొట్టలేరు.
ఏడాదికి నాలుగు గజాల చొప్పున దిబ్బల్ని కొరుకుతోంది సముద్రం.
ఏడో గుంట పోయి పదకొండేళ్ళు.
నిన్న ఆటు తీశాక దిగి చూశాను.
తుప్పు పట్టిన గుంట డొక్కు
తడి ఇసుకలో నోరు తెరుచుకుని ఉంది.
లోపల చారెడు నీళ్ళు. ఒక రొయ్య.

కార్డులో ఏడో గడిలో
తాత రాసుకున్న అంకె మూడు.
రెండు పేజీలు దాటిపోయింది, సెక్రటరీ గారూ.